పాత జిమ్నాస్టిక్స్ స్కోర్లను చదవడం ఎలా

79.275, 39.737, 63.325, 59.131. ఈ నాలుగూ ఒలింపిక్స్‌లో మహిళల ఆల్‌రౌండ్ (అన్ని పరికరాల మార్కులూ కలిపే పోటీ) స్వర్ణం తెచ్చిపెట్టిన మొత్తాలే. మొదటిది 1976లో నాడియా కొమనెచిది, రెండోది 1992లో తత్యానా గుత్సుది, మూడోది 2008లో నాస్తియా లియుకిన్‌ది, చివరిది 2024లో సిమోన్ బైల్స్‌ది. నలుగురూ పోటీపడింది ఒకే నాలుగు పరికరాల మీద: వాల్ట్, అన్‌ఈవెన్ బార్స్, బ్యాలెన్స్ బీమ్, ఫ్లోర్. అంకెలు మాత్రమే చూసేవారికి నాడియా బైల్స్ కంటే ఇరవై పాయింట్లు మెరుగనీ, గుత్సు అందరిలోకీ తీసికట్టనీ అనిపిస్తుంది. రెండూ నిజం కావు. ఈ ఆటలో ఆడేవాళ్లతోపాటు కొలత కూడా మారుతూ వచ్చింది. అందుకే ఫలితాల పట్టిక చదవడం వస్తేనే ఈ క్రీడ చరిత్ర అర్థమవుతుంది.

ముందు సంవత్సరం, ఆ తర్వాతే స్కోరు

పట్టిక చేతికి రాగానే ఏ సంవత్సరానిదో చూడండి. గుర్తుపెట్టుకోవలసిన మలుపులు నాలుగు: 1949, 1989, 1997, 2006.

అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య, అంటే ఎఫ్ఐజీ, మార్కుల నియమావళి అయిన కోడ్ ఆఫ్ పాయింట్స్‌ను తొలిసారి తెచ్చింది 1949లో. అంతకుముందు ఏ పోటీకి ఆ పోటీ లెక్కే. పురుషుల ఆల్‌రౌండ్ విజేతల మొత్తాలు చూడండి: 1928లో జార్జ్ మీజ్‌కు 247.500, 1936లో ఆల్‌ఫ్రెడ్ ష్వార్ట్స్‌మన్‌కు 113.100, 1948లో వెయిక్కో హుహ్తానెన్‌కు 229.7. ఎనిమిదేళ్లలో సగానికి పడిపోయి, మరో పన్నెండేళ్లలో రెట్టింపైంది. ఆటలో మార్పేమీ రాలేదు, లెక్కగట్టే పద్ధతి మారింది. 1948లో పామెల్ హార్స్ మీద ముగ్గురు ఫిన్లాండ్ ఆటగాళ్లు హుహ్తానెన్, పావో ఆల్తోనెన్, హెయిక్కి సావొలైనెన్ సరిగ్గా 38.7తో సమానంగా నిలిచి ముగ్గురూ స్వర్ణం పంచుకున్నారు. ఏ తప్పుకు ఎన్ని మార్కులు కోయాలో రాసిపెట్టిన ఉమ్మడి పుస్తకం ఆ మరుసటి ఏడాదే వచ్చింది.

1952 నుంచి లెక్క కుదురుకుంది. ప్రతి పరికరం మీద రెండు రొటీన్లు, అంటే వరుసగా చేసే విన్యాసాల ప్రదర్శనలు, ఉండేవి. ఒకటి అందరూ ఒకేలా చేయాల్సిన కంపల్సరీ, రెండోది ఎవరికి వారు కూర్చుకున్న ఆప్షనల్. మహిళలకు నాలుగు పరికరాలు, రెండేసి రొటీన్లు, ఒక్కోదానికి పది కాబట్టి గరిష్ఠం 80. పురుషులకు ఆరు పరికరాలు కాబట్టి 120. ఆ ఏడాది హెల్సింకీలో మరియా గొరొఖోవ్‌స్కయా 76.78, విక్టర్ చుకారిన్ 115.70 ఎలా సాధించారో ఇప్పుడు తేలిగ్గా తెలుస్తుంది.

1972 నుంచి ఆల్‌రౌండ్‌కు విడిగా ఫైనల్ పెట్టారు. ఇక్కడ చాలామంది తడబడతారు, ఎందుకంటే గరిష్ఠం 80గానే ఉండిపోయింది, కాని అందులో ఏముందో మారిపోయింది. టీమ్ పోటీలో చేసిన కంపల్సరీ, ఆప్షనల్ మార్కుల సగటు ఫైనల్‌కు వెంట వచ్చేది. నాడియా వెంట వచ్చింది 39.525, ఫైనల్లో నాలుగు పరికరాల మీద తెచ్చుకుంది 39.750. కలిపితే 79.275. ఈ పద్ధతి 1988 ఒలింపిక్స్ వరకు సాగింది. ఆ ఏడాది సియోల్‌లో యెలెనా షుషునోవా 79.662తో గెలిచింది, డానియెలా సిలివాష్ 79.637తో ఆగిపోయింది. ఆ 0.025 తేడాలో ముందు రోజుల మార్కుల వాటా ఎంతో చూడకుండా ఆ ఫైనల్ గురించి తీర్పు చెప్పకండి.

1989లో పాత మార్కులను మోసుకురావడం ఆగిపోయింది. ఫైనల్‌కు చేరినవారంతా సున్నా నుంచి మొదలుపెడతారు. గుత్సు 39.737కు గరిష్ఠం 40 కావడం అందుకే. కంపల్సరీలు మాత్రం టీమ్ పోటీలో 1996 అట్లాంటా దాకా ఉండి, 1997 నుంచి పూర్తిగా పోయాయి. అట్లాంటాలో అమెరికా మహిళల జట్టు మొత్తం 389.225. రెండు రకాల రొటీన్లూ అందులో ఉన్నాయి కాబట్టి 2000 తర్వాతి జట్టు స్కోర్లతో దాన్ని పోల్చలేం.

పది అంటే ఏమిటి

1976 జులై 18న మాంట్రియల్‌లో అన్‌ఈవెన్ బార్స్ మీద నాడియాకు 10.0 వచ్చింది. ఆధునిక కోడ్ కింద ఒలింపిక్స్‌లో అది తొలి పది. బోర్డు మీద దశాంశానికి ముందు రెండు అంకెల చోటు లేదు కాబట్టి 1.00 అని కనిపించింది. ఈ సంగతి అందరూ చెబుతారు. అది కంపల్సరీ రొటీన్ అన్న సంగతి చెప్పేవాళ్లు తక్కువ. వీడియో చూసేటప్పుడు దీన్ని మనసులో పెట్టుకోండి. హాల్లో ప్రతి అమ్మాయీ అవే కదలికలు, అదే క్రమంలో చేసింది. కనుక ఆ పది కొత్త విన్యాసానికి కాదు, శుద్ధతకు దక్కింది. కాళ్ల మధ్య సందు లేకపోవడం, పాదాల కొనల దాకా సాగిన గీత, చేతుల మీద నిలబడ్డప్పుడు శరీరం నిలువుగా ఉండటం చూడండి. ఆప్షనల్ రొటీన్‌లో కష్టం, కూర్పు కూడా కలుస్తాయి. ఆమెకు ఆ క్రీడల్లో మొత్తం ఏడు పదులు వచ్చాయి. సోవియట్ జట్టుకు చెందిన నెల్లీ కిమ్‌కూ పదులు వచ్చాయి.

1990ల్లో, 2000ల తొలి ఏళ్లలో పది అందరికీ అందుబాటులో ఉండేది కాదు. ప్రతి రొటీన్‌కూ ఒక స్టార్ట్ వాల్యూ, అంటే కోతలు మొదలయ్యే గరిష్ఠ మార్కు, ఉండేది. కావలసినంత కష్టం లేకపోతే 9.7 నుంచో 9.8 నుంచో కోత మొదలయ్యేది. ఆ కాలపు పట్టికలో 9.65 కనబడితే అది 10 నుంచి కోసిందా, 9.8 నుంచి కోసిందా అన్నది స్టార్ట్ వాల్యూ దొరికితేనే తెలుస్తుంది. దొరక్కపోతే ఆ మార్కు మీద విశ్లేషణ రాయకపోవడం మేలు. ఒలింపిక్స్‌లో చివరి పదులు 1992 బార్సిలోనావి: లు లికి అన్‌ఈవెన్ బార్స్ మీద, లవీనియా మిలోషోవిచ్‌కి ఫ్లోర్ మీద.

ఆ పద్ధతిని కూల్చింది 2004 ఏథెన్స్. పురుషుల ఆల్‌రౌండ్‌లో పాల్ హామ్ 57.823తో స్వర్ణం, కిమ్ దే-ఉన్ 57.811తో రజతం, యాంగ్ తే-యంగ్ 57.774తో కాంస్యం గెలిచారు. యాంగ్ ప్యారలల్ బార్స్ రొటీన్‌కు 10.0 ఉండాల్సిన స్టార్ట్ వాల్యూను జడ్జిలు 9.9గా లెక్కగట్టారు. ఆ 0.1 కలిస్తే 57.874 అయ్యేది. ముగ్గురు జడ్జిలను ఎఫ్ఐజీ పక్కనపెట్టింది, ఫలితం మాత్రం మారలేదు. 2006లో వచ్చిన కొత్త కోడ్ కష్టానికీ చేసిన తీరుకూ వేర్వేరు స్కోర్లు పెట్టింది.

2006 తర్వాతి స్కోరును విడదీయడం

డి-స్కోరు కష్టానికి, ఈ-స్కోరు చేసిన తీరుకు. డి-స్కోరుకు పైన హద్దు లేదు. మహిళల పోటీలో ఒక్కో విన్యాసానికీ కష్టాన్నిబట్టి ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది: ఏ అయితే 0.1, బి అయితే 0.2, అలా జె దాకా వెళ్తే 1.0. వీటిలో అతి కష్టమైనవాటిని కూడి, కూర్పు నియమాలకు అర పాయింటు చొప్పున, విన్యాసాలను గొలుసుగా చేసినందుకు ఇచ్చే బోనస్ కలుపుతారు. ఈ-స్కోరు 10.0 నుంచి మొదలై తగ్గుతుంది: చిన్న తప్పుకు 0.1, మధ్యరకం తప్పుకు 0.3, పెద్దదానికి 0.5, పడిపోతే 1.0. గీత దాటడం, సమయం మించడం లాంటివి విడిగా కోస్తారు. ఫ్లోర్ మీద ఒక పాదం బయటపడితే 0.1, రెండూ పడితే 0.3.

వాల్ట్ లెక్క వేరు. ఒక్కో వాల్ట్‌కూ విలువ ముందే నిర్ణయమై ఉంటుంది. పరికరం ఫైనల్లో రెండు వేర్వేరు వాల్ట్‌లు చేస్తారు, స్కోరు వాటి సగటు. 2016 రియోలో దీపా కర్మాకర్ పట్టికను ఇలా విడదీయండి:

మొదటి వాల్ట్: డి 6.0 + ఈ 8.866 = 14.866
రెండో వాల్ట్, ప్రొదునోవా: డి 7.0 + ఈ 8.266 = 15.266
సగటు: 15.066, నాలుగో స్థానం

కాంస్యం గెలిచిన జూలియా స్టైన్‌గ్రూబర్‌కు 15.216. సగటులో తేడా 0.150, అంటే రెండు వాల్ట్‌లూ కలిపి 0.300. ఒక్క మధ్యరకం కోతతో సమానం. ప్రొదునోవా మీద దీపా కోల్పోయింది 1.734. చేతుల మీద ముందుకు పల్టీ కొట్టి వాల్ట్ మీదకు వచ్చి, గాలిలో రెండు ముందు పల్టీలు కొట్టి దిగే వాల్ట్ అది. దిగేటప్పుడు నేల కంటికి ఆలస్యంగా అందుతుంది, శరీరం లోతుగా కుంగిపోతుంది, కోతలు అక్కడే పడతాయి. 2017 కోడ్‌లో ఈ వాల్ట్ విలువను 7.0 నుంచి 6.4కు తగ్గించారు. అంటే అదే వాల్ట్, అదే తీరుగా చేసినా మరుసటి ఏడాది 0.6 తక్కువ వస్తుంది. ఇటువంటి దిద్దుబాటు ప్రతి ఒలింపిక్ చక్రంలోనూ జరుగుతుంది.

లియుకిన్ 63.325కూ బైల్స్ 59.131కూ మధ్య తేడా చాలావరకు ఇలా వచ్చినదే. 2008లో మహిళలకు పది విన్యాసాలు లెక్కలోకి వచ్చేవి, 2009 నుంచి ఎనిమిదే. కూర్పు నియమాలకు అప్పట్లో 2.5 దాకా వచ్చేది, 2017 నుంచి 2.0 మాత్రమే. వాల్ట్ విలువలూ తగ్గాయి. పడిపోవడానికి కోత కూడా 2009లో 1.0కు పెరిగింది. బైల్స్ రొటీన్లు లియుకిన్ వాటికంటే తేలికైనవని దీన్నిబట్టి అనుకోవడం తలకిందుల తీర్పు.

దశాంశాల నుంచి కూడా సమాచారం రాబట్టవచ్చు. ఈ-స్కోరు కోసం అత్యధిక, అత్యల్ప మార్కులను వదిలేసి మధ్యలోవాటి సగటు తీస్తారు. ముగ్గురి సగటైతే చివర 33, 66 (దీపా 8.866, 8.266 చూడండి). నలుగురి సగటైతే చివర 25, 50, 75. 2008లో అన్‌ఈవెన్ బార్స్ మీద హె కెషిన్, లియుకిన్ ఇద్దరికీ 16.725 వచ్చింది, ఇద్దరికీ 7.7 + 9.025. ఆ 025 నలుగురి సగటు గుర్తు. మీకు దొరికిన పట్టికలో 2016 ఒలింపిక్స్ ఈ-స్కోరు 8.725 అని ఉంటే ఎక్కడో టైపు తప్పు పడిందని అనుమానించండి.

సమాన స్కోర్లు ఎలా తేలాయో కూడా చూడాలి. 2008లో జడ్జిల కోతల్లోకి ఇంకా లోతుగా వెళ్లి హె కెషిన్‌కు స్వర్ణం, లియుకిన్‌కు రజతం ఇచ్చారు. 2012 ఆల్‌రౌండ్‌లో అలియా ముస్తాఫినా, అలీ రైస్‌మన్ 59.566 దగ్గర నిలిస్తే నాలుగింటిలో మెరుగైన మూడు స్కోర్లు కూడి ముస్తాఫినాకు కాంస్యం ఇచ్చారు. 2015 గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో అన్‌ఈవెన్ బార్స్ మీద నలుగురు 15.366తో స్వర్ణం పంచుకున్నారు. టోక్యోలో ఫ్లోర్ కాంస్యం మాయి మురకామి, ఏంజెలీనా మెల్నికోవా ఇద్దరికీ దక్కింది. కాబట్టి సమాన స్కోరుకు వేర్వేరు పతకాలు కనిపిస్తే తప్పు అనుకోకండి, ఒకే పతకం కనిపించినా అనుకోకండి.

కాలాల మధ్య పోల్చాలంటే

పాత మార్కును కొత్త మార్కులోకి మార్చే సూత్రం లేదు. దానికోసం వెతకడం వృథా. మేము నమ్మే పద్ధతి ఒకటుంది: మొదటి, రెండో స్థానాల మధ్య తేడాను ఆ కాలంలో పడిపోవడానికి పడే కోతతో పోల్చడం. పది పద్ధతిలో పడిపోతే 0.5, ఇప్పుడు 1.0.

1976లో నాడియా, నెల్లీ కిమ్ (78.675) మధ్య తేడా 0.600. ఒకసారి పడినా నాడియాదే స్వర్ణం. 1992లో గుత్సు, షానన్ మిల్లర్ (39.725) మధ్య 0.012. ల్యాండింగ్‌లో ఒక చిన్న అడుగు తడబడినా పతకం చేతులు మారేది. 2016లో బైల్స్, రైస్‌మన్ (60.098) మధ్య 2.100. బైల్స్ రెండుసార్లు పడినా గెలిచేది. 2024లో బైల్స్, రెబెకా ఆంద్రాదే (57.932) మధ్య 1.199, ఒక్కసారి పడినా తట్టుకునేంత. ఇది కచ్చితమైన శాస్త్రం కాదు. 1976 తేడాలో టీమ్ పోటీ మార్కుల సగటు కలిసి ఉందన్న సంగతి మరవకూడదు. అయినా ఎవరు తమ కాలాన్ని ఎంతగా ఏలారో చెప్పడానికి ఇంతకంటే న్యాయమైన కొలత మాకు తెలియదు.

పాత వీడియోలో పరికరాన్ని చూడండి

కొలతలు ముందు తెలుసుకోండి. బీమ్ 5 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 125 సెంటీమీటర్ల ఎత్తు. ఫ్లోర్ 12 మీటర్ల చదరం. వాల్ట్ ఎత్తు మహిళలకు 125, పురుషులకు 135 సెంటీమీటర్లు. 2000 సిడ్నీలో మహిళల ఆల్‌రౌండ్ ఫైనల్లో వాల్ట్‌ను 5 సెంటీమీటర్లు తక్కువ ఎత్తులో బిగించారు. సగం పోటీ అయ్యాక అది బయటపడింది. అప్పటికే పలువురు పడిపోయారు. ఆ ఫైనల్ వాల్ట్ మార్కులు చదివేటప్పుడు ఇది తెలియకపోతే మంచి జిమ్నాస్ట్‌లను చేతకానివారిగా లెక్కేస్తాం.

వాల్ట్ మీద మరో పెద్ద మార్పు 2001లో జరిగింది. అంతకుముందు ఉన్నది గుర్రం ఆకారపు పరికరం. మహిళలు దాన్ని అడ్డంగా, పురుషులు నిలువుగా దాటేవారు. యుర్చెంకో పద్ధతిలో వెనక్కి తిరిగి, చూడకుండా చేతులు మోపాలి. అంత ఇరుకైన చోట చేయి జారితే ప్రాణాపాయం. 1988లో అమెరికా జిమ్నాస్ట్ జూలిస్సా గోమెజ్ ఈ వాల్ట్ సన్నాహంలో మెడ విరిగి, 1991లో మరణించింది. వెడల్పాటి, కాస్త ఏటవాలు టేబుల్ వచ్చాక వెనక్కి తిరిగి చేసే వాల్ట్‌లు సురక్షితమయ్యాయి, వాటి కష్టమూ పెరిగింది.

అన్‌ఈవెన్ బార్స్ మీద 1970ల వీడియోలో జిమ్నాస్ట్ పై బార్ నుంచి ఊగి వచ్చి కింది బార్‌ను నడుముతో చుట్టుకోవడం కనిపిస్తుంది. బార్లు దగ్గరగా ఉండేవి కాబట్టే అది సాధ్యమైంది. తర్వాత వాటిని దూరం జరిపారు. పై బార్ మీద పూర్తి చుట్లు తిరగడం, వదిలి పట్టుకోవడం పెరిగాయి, నడుముతో చుట్టుకోవడం అంతరించింది. కాబట్టి ఆ కాలపు రొటీన్ తేలిగ్గా అనిపిస్తే బార్ల మధ్య దూరం చూసి మాట్లాడండి.

విన్యాసాల పేర్లతో జాగ్రత్త. ఎఫ్ఐజీ పెద్ద పోటీల్లో ముందుగా సమర్పించి, పడకుండా చేసి చూపినవారి పేరు కోడ్‌లో చేరుతుంది. కనుక పేరున్నవారే ప్రపంచంలో మొదట చేశారని రాయకండి. ఒకే పేరు మీద చాలా ఉండవచ్చు కూడా. బైల్స్ పేరు మీద వాల్ట్‌లో రెండు, ఫ్లోర్‌లో రెండు, బీమ్‌లో ఒకటి ఉన్నాయి. త్సుకహారా అంటే వాల్ట్ కావచ్చు, హై బార్ నుంచి దిగే పద్ధతీ కావచ్చు. పరికరం పేరు జతచేయకుండా విన్యాసం పేరు రాస్తే పాఠకుడికి ఏమీ చెప్పనట్టే.

1949కి ముందటి పట్టికలు

ఇక్కడ అంకెలను పక్కనపెట్టి, ఏ పోటీలు జరిగాయో చూడండి. 19వ శతాబ్దపు జిమ్నాస్టిక్స్‌లో రెండు ధోరణులుండేవి. 1811లో బెర్లిన్ శివారు హాసెన్‌హైడెలో ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్ మొదలుపెట్టింది పరికరాల మీద బలం, సాహసం చూపే జర్మన్ పద్ధతి. 1813లో స్టాక్‌హోమ్‌లో పెర్ హెన్రిక్ లింగ్ స్థాపించిన సంస్థ నుంచి వచ్చింది ఆరోగ్యం కోసం బృందంగా చేసే స్వీడిష్ పద్ధతి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఈ పోరు పట్టికలోనే కనబడుతుంది: స్వీడిష్ పద్ధతి, యూరోపియన్ పద్ధతి, స్వేచ్ఛా పద్ధతి అని మూడు టీమ్ పోటీలు పెట్టారు. వరుసగా స్వీడన్, ఇటలీ, నార్వే గెలిచాయి.

1881లో లియేజ్‌లో నికొలాస్ క్యూపెరస్ నాయకత్వంలో బెల్జియం, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ కలిసి పెట్టిన యూరోపియన్ సమాఖ్యే 1921లో ఎఫ్ఐజీ అయింది. 1903లో ఆంట్‌వర్ప్‌లో జరిగిన పోటీని తర్వాతికాలంలో తొలి ప్రపంచ చాంపియన్‌షిప్స్‌గా లెక్కించారు. ఆనాటి కాగితాల్లో ఆ పేరు కనిపించకపోతే కంగారుపడకండి.

1896 ఏథెన్స్‌లో తాడు ఎక్కడం కూడా ఒక పోటీ. నికొలాస్ ఆంద్రియాకోపులోస్ 23.4 సెకన్లలో ఎక్కి గెలిచాడు. 1932 వరకు అది అప్పుడప్పుడూ ఒలింపిక్స్‌లో కనబడుతుంది. 1904 సెయింట్ లూయిస్‌లో పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ ఫలితాలు కూడా జిమ్నాస్ట్‌ల ఖాతాలో పడ్డాయి. ఒక కాలికి కర్రకాలు పెట్టుకున్న జార్జ్ ఐసర్ అక్కడే ఒక్కరోజులో ఆరు పతకాలు గెలిచాడు, అందులో మూడు స్వర్ణాలు. మహిళలకు 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో టీమ్ పోటీతో చోటు దొరికింది, వ్యక్తిగత పతకాలు 1952లో మొదలయ్యాయి. అంటే లరీసా లతినినా 1956 నుంచి 1964 వరకు గెలిచిన 18 పతకాలు, అవకాశం వచ్చిన తొలి ఏళ్లలోనే గెలిచినవి.

జాబితా తయారుచేసేటప్పుడు

దేశాన్ని ఆ ఏడాది ఏ జెండా కింద ఆడారో అలాగే రాయండి. వితాలీ షెర్బో 1992లో ఆరు స్వర్ణాలు గెలిచింది యూనిఫైడ్ టీమ్‌కు (మాజీ సోవియట్ రిపబ్లిక్‌ల ఉమ్మడి జట్టు), బెలారస్‌కు కాదు. ఒక్సానా చుసొవితినా సోవియట్ యూనియన్, యూనిఫైడ్ టీమ్, ఉజ్బెకిస్తాన్, జర్మనీల తరఫున పోటీపడింది.

1984 లాస్ ఏంజెలిస్‌కు సోవియట్ యూనియన్ రాలేదు. రుమేనియా వచ్చి మహిళల టీమ్ స్వర్ణం పట్టుకుపోయింది. ఇటువంటి ఏడాది పక్కన ఒక గుర్తు పెట్టుకోండి.

జట్టు పరిమాణం 1996లో ఏడుగురు, 2000 నుంచి 2008 వరకు ఆరుగురు, 2012, 2016లో ఐదుగురు, టోక్యోలో నలుగురు, పారిస్‌లో మళ్లీ ఐదుగురు. 2004 నుంచి ఒలింపిక్ టీమ్ ఫైనల్లో ఒక్కో పరికరం మీద ముగ్గురే చేస్తారు, ముగ్గురి మార్కులూ కలుస్తాయి. పాత పద్ధతిలో పడినవారి మార్కును వదిలేసుకునే వీలుండేది, ఇప్పుడు లేదు.

2000 సిడ్నీ జాబితాను పాత పుస్తకం నుంచి ఎత్తి రాయకండి. ఆంద్రేయా రదుకాన్ ఆల్‌రౌండ్ స్వర్ణం సూడోఎఫెడ్రిన్ అనే నిషిద్ధ మందు కారణంగా పోయి సిమోనా అమనార్‌కు దక్కింది. డాంగ్ ఫాంగ్‌షియావో వయసు నిబంధనకు తక్కువని తేలడంతో చైనా మహిళల టీమ్ కాంస్యాన్ని 2010లో వెనక్కి తీసుకుని అమెరికాకు ఇచ్చారు. వయసు నిబంధనా మారుతూనే వచ్చింది: 14 ఉన్నది 1981లో 15, 1997లో 16 అయింది. 1976 నాటికి నాడియాకు పద్నాలుగేళ్లే.

పోటీ జరుగుతుండగా బోర్డు మీద పడిన స్కోరుకూ తుది స్కోరుకూ తేడా కనిపిస్తే ఎంక్వయిరీ, అంటే స్కోరును మళ్లీ చూడమని కోచ్ చేసే అభ్యర్థన, జరిగిందేమో చూడండి. కోచ్ డి-స్కోరును మాత్రమే ప్రశ్నించవచ్చు, ఈ-స్కోరును ప్రశ్నించడానికి వీల్లేదు. తర్వాతి జిమ్నాస్ట్ స్కోరు పడేలోగా నోటిమాటగా చెప్పాలి. ఆఖరున చేసిన జిమ్నాస్ట్‌కైతే ఒక నిమిషం గడువు. 2024 పారిస్‌లో ఫ్లోర్ ఫైనల్లో ఆఖరున చేసిన జోర్డాన్ చైల్స్‌కు ఎంక్వయిరీతో 0.1 కలిసి కాంస్యం వచ్చింది. ఆ అభ్యర్థన గడువు దాటి 4 సెకన్లు ఆలస్యంగా అందిందని క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు ఆ ఆగస్టులో తీర్పు చెప్పింది, కాంస్యం ఆనా బర్బోసుకు వెళ్లింది. ఆ ఫైనల్ పట్టిక వాడుకుంటే దాని మీద ముద్రించిన తేదీని కూడా పక్కన రాసుకోండి.